కదలలేని భక్తుడు - జంగమము

వీరశైవమున స్థావరము, జంగమము అను రెండు మాటలు తఱచుగా వినబడును. నిలిచియుండునది స్థావరము, చలించునది జంగమము. పన్నెండవ శతాబ్దమున కల్యాణమునందు బసవేశ్వరుడు రాతిగుడికంటె నడయాడు దేహాలయమే మిన్నయని బోధించెను. ఈ బోధను పాఠముగా చెప్పునప్పుడు ఒక సందేహము కలుగక మానదు. మోకాళ్ళు అరిగి గడప దాటలేనివారు, గుండె బలహీనతచే మెట్లెక్కరాదని వైద్యులు వారించినవారు, మూత్రపిండములు చెడి వారమునకు రెండు మూడు సార్లు, సారికి నాలుగేసి గంటలు డయాలసిస్ యంత్రమునొద్ద పరుండవలసినవారు ఉన్నారు గదా! వీరందఱు స్థావరములైపోయినట్లేనా?

సోమల, పుంగనూరు ప్రాంతపు భక్తుల ఇండ్లలో శివరాత్రి, ఉగాది సమీపించినప్పుడు ఈ ప్రశ్న తీవ్రమగును. ఉగాదికి కన్నడదేశపు భక్తులు వేలకొలదిగా వెంకటాపురము, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా నల్లమల అడవిలో నడచి, కైలాసద్వారము చేరి, శ్రీశైల మల్లికార్జునుని దర్శింతురు. యౌవనమున ఆ బాట త్రొక్కిన పెద్దలకు నేడు వీధి చివర బస్సు నిలుచు చోటే దూరమైనది. వారితో “ఉన్నచోటనే శివుడున్నాడు, ఊరకుండుము” అనుట సులభము. అన్నవాడు మాత్రము మూట సర్దుకొని బస్సెక్కుచుండును! అట్టి ఓదార్పును వారు నమ్మకపోవుట సహజమే.

యాత్రకై పరితపించుట అజ్ఞానము కాదు. మల్లికార్జున పండితారాధ్యులు బసవేశ్వరుని దర్శింపగోరి కల్యాణమునకు బయలుదేరి, నడుమదారిలోనే ఆయన లింగైక్యమొందిన వార్త వినిరని పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున వ్రాసెను. అంతటి జ్ఞానియు దుఃఖించెను.

అఱువదిమూవురు పురాతనులలోని తిరునావుక్కరసు కథ మన విషయమునకు ఇంకను సమీపమైనది. ఏడవ శతాబ్దపు ఈ మహనీయుడు మొదట కడుపుశూలచే బాధపడి, అక్కయగు తిలకవతి చెంతకు చేరి శివభక్తుడయ్యెను. వృద్ధాప్యమున కైలాసమునకు బయలుదేరెను. పాదములు అరుగగా చేతులతో, చేతులు అరుగగా ఱొమ్ముతో ప్రాకి, తుదకు ఎటును కదలలేక దారిలో పడిపోయెనని పన్నెండవ శతాబ్దమున చేక్కిళారు రచించిన పెరియ పురాణము చెప్పుచున్నది. శివుడు మునిరూపమున వచ్చి మరలిపొమ్మనెను. ఆయన ఒప్పలేదు. అంతట అచటి కొలనులో మునుగుమని ఆజ్ఞ అయ్యెను. మునిగి తేలిన చోటు తంజావూరు చెంతనున్న తిరువైయారు. కైలాసదర్శనము అక్కడనే కలిగెను. పిల్లలకు ఈ కథ చెప్పునప్పుడు మనము కొలను మహిమను వర్ణించి ఊరకొందుము. నాకు తోచునది వేఱు. కదలలేని భక్తుని కడకు శివుడే వచ్చెను. వచ్చి, ఆయన పట్టుదలను నిందింపలేదు, తమిళనాటనే దర్శనమిచ్చెను.

మన ఇష్టలింగధారణమునందును ఈ భావమే కలదు. లింగము అరచేతిలోనికి వచ్చినది. నేలపై కూర్చుండలేనివారు కుర్చీలో కూర్చుండియో, దిండునకు ఆనుకొనియో పూజించుకొన్నచో లోపమేమియు లేదు. బసవేశ్వరుడు కాళ్ళను స్తంభములతో పోల్చెను. స్తంభము బీటవారినంతమాత్రమున గర్భగుడిలోని లింగము లేచిపోవునా?

సంతుష్టి యనగా మందు మానుట కాదని కూడ పాఠకులు గమనింపవలెను. మదనపల్లె చెంత ఆరోగ్యవరమున 1915లో క్షయ చికిత్సాలయము వెలసినప్పుడు ఆ వ్యాధికి తగిన మందే లేదు. స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడినది 1943లో. అంతవఱకు మంచి గాలి, పుష్టికరమైన ఆహారము, నెలల తరబడి విశ్రాంతి, ఇవియే చికిత్స. కదలకుండుటయే వైద్యమైన కాలమది. వైద్యుడు వద్దన్నప్పుడు యాత్ర మానుటలో భక్తిలోపమేమియు లేదు.

కాయకమునకును కాళ్ళే కావలెనని లేదు. శరణులలో నులియ చందయ్య త్రాళ్ళు పేని, ఆ రాబడితో జంగమదాసోహము చేసెను. చింతపండు గింజలు తీయుట, దీపపు వత్తులు చేయుట, మనుమలకు ఎక్కములు చెప్పుట కూర్చుండి చేయదగినవే. తనకై ఎదురుచూచు పని ఒకటియున్నవానికి పగలు అంత పొడవుగా తోపదు. “నీవేమియు చేయవద్దు నాయనా, పడుకొనుము” అని ప్రేమతోనే చెప్పు కొడుకులు, కోడండ్రు ఆ ఒక్కటియు తీసివేయుచున్నారు.

ఇక మొదటి సందేహమునకు వత్తము. భక్తుడు కదలలేనప్పుడు కదలవలసినది జంగమము. రోగికి సంతుష్టిని బోధించి చేతులు దులుపుకొనుట మఠములకును తగదు, బంధువులకును తగదు. శ్రీశైలము పోవు బృందము బయలుదేరుటకు ముందు అట్టివారి ఇండ్లకు పోయి చెప్పి కదలవలెను. తిరిగి వచ్చిన పిదప విభూతి పొట్లమును గడప బయటినుండి అందించి పోక, ఒక అరగంట కూర్చుండవలెను. పెచ్చెరువున నీరున్నదా, భీముని కొలను మెట్లు ఎట్లున్నవి, కైలాసద్వారమునొద్ద ఎందఱు కలిసిరి అని వారు ఒక్కొక్కటిగా అడుగుదురు. ఆ దారి వారు ఎఱిగినదే. తొందరపడక చెప్పవలెను.