మాపం ఋణం కాకూడదు

తమ్ముళ్లూ!

సంకీర్ణ సంఖ్యల పాఠంలో మనవాళ్లు ఎక్కువగా తడబడే ఒక లెక్క గురించి రాస్తున్నాను. ఇంటర్ రెండో సంవత్సరంలో నేనూ ఇక్కడే మార్కులు పోగొట్టుకున్నాను.

ప్రతి సంకీర్ణ సంఖ్యకూ తలంలో ఒక బిందువు ఉంటుంది. మూలబిందువు నుంచి దాని దూరం మాపం. ధన వాస్తవాక్షంతో అది చేసే కోణం ఆయామం. ఈ రెంటితో రాస్తే ధ్రువ రూపం. ఈ జ్యామితీయ ఆలోచనను 1797లో డెన్మార్క్ అకాడమీ ముందుంచిన కాస్పర్ వెసెల్ భూములు కొలిచే సర్వేయరు. ఎంత దూరం, ఏ దిక్కు అన్నవే ఆయనకు ముఖ్యం.

లెక్క: 1 + కాస్ థీటా + ఐ సైన్ థీటాను ధ్రువ రూపంలో రాయండి.

1 + కాస్ థీటా = 2 కాస్²(థీటా/2)
సైన్ థీటా = 2 సైన్(థీటా/2) కాస్(థీటా/2)

ఉమ్మడి పదాన్ని బయటకు తీస్తే:
2 కాస్(థీటా/2) [కాస్(థీటా/2) + ఐ సైన్(థీటా/2)]

ఇక్కడితో "మాపం 2 కాస్(థీటా/2), ఆయామం థీటా/2" అని రాసి వదిలేస్తాం. థీటా 60° అయితే అది సరే. మాపం √3, ఆయామం 30°. మరి 240° అయితే? 2 కాస్ 120° = –1. దూరం –1 ఉంటుందా? బడి ముఖం చూడని మా నాన్ననడిగినా, "మైనస్ రెండు మైళ్ల దూరంలో ఊరుంటుందా?" అని నవ్వుతాడు.

అప్పుడు మైనస్ గుర్తును బ్రాకెట్ లోపలికి పంపాలి.
–కాస్ 120° = కాస్ 300°, –సైన్ 120° = సైన్ 300°.
కాబట్టి మాపం 1, ఆయామం 300°. ప్రధాన ఆయామం 300° – 360° = –60°.

సరిచూద్దాం. వాస్తవ భాగం 1 – 1/2 = 1/2, కల్పిత భాగం –√3/2. బిందువు నాలుగో పాదంలో ఉంది. 120° అని రాస్తే రెండో పాదంలోకి పోయేది!

థీటా 180° అయితే సంఖ్యే సున్నా. దానికి ఆయామం లేదు.

మీకొక లెక్క: 1 – కాస్ థీటా + ఐ సైన్ థీటా. థీటా 0°, 360° మధ్య ఉంటే ఇందులో గుర్తు చిక్కు రాదు. ఎందుకో చెప్పండి. సూచన: సైన్ ముందు, కాస్ తర్వాత వస్తే 90° నుంచి తీసివేసి వరుస మార్చుకోవాలి.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. తప్పు చూపడానికి ఇంట్లో ఎవరూ లేరు. ఈ హాస్టల్ గచ్చు మీద సుద్దముక్కతో బొమ్మ గీసి చూపించింది పక్కన పడుకునే సీనియర్ అన్న. మీరూ జవాబు రాసే ముందు బొమ్మ గీయండి. పక్క తమ్ముడికీ గీసి చూపండి.

– పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ (గణితం)