గర్భాశయ ముఖద్వార క్యాన్సర్: నొప్పి లేదని నిర్లక్ష్యం చేయకండి

ముట్లు ఆగిపోయి ఏళ్లు గడిచిన స్త్రీకి మళ్లీ ఎర్రబట్ట కనిపిస్తే, "ఒంట్లో వేడి చేసింది, దానంతటదే తగ్గుతుంది" అని మన ఇళ్లలో చాలామంది అనుకుంటారు. నొప్పి లేదు కాబట్టి ఎవరికీ చెప్పరు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు మొదటి దశలో సాధారణంగా నొప్పి ఉండదు. నొప్పి వచ్చేసరికి జబ్బు ముదిరి ఉండవచ్చు. మన దేశంలో 2022లో సుమారు 1,27,000 మంది స్త్రీలకు ఈ క్యాన్సర్ వచ్చిందనీ, దాదాపు 80,000 మంది దీనివల్ల మరణించారనీ అంచనా.

ఎందుకు వస్తుంది?

గర్భసంచి మూతినే గర్భాశయ ముఖద్వారం అంటారు. ఇక్కడ వచ్చే క్యాన్సర్‌కు దాదాపు అన్ని సందర్భాల్లోనూ కారణం హెచ్.పి.వి. అనే వైరస్. ఇది లైంగిక సంబంధం ద్వారా సోకుతుంది. వివాహమైన స్త్రీపురుషులలో చాలామందికి ఎప్పుడో ఒకసారి సోకేదే కనుక దీనికి సిగ్గుపడనక్కరలేదు. ఎక్కువమందిలో ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. పోకుండా నిలిచిపోయిన కొద్దిమందిలో సుమారు 15 నుంచి 20 ఏళ్లలో క్యాన్సర్‌గా మారవచ్చు. హెచ్.ఐ.వి. ఉండి మందులు వాడని వారిలో ఇంకా త్వరగా వస్తుంది.

గమనించవలసిన సూచనలు

1. భార్యాభర్తల కలయిక తర్వాత రక్తం కనిపించడం.
2. ఒక ముట్టుకూ మరో ముట్టుకూ మధ్య రక్తస్రావం.
3. ముట్లు పూర్తిగా ఆగి ఏడాది దాటిన తర్వాత రక్తస్రావం. ఒక్క చుక్క అయినా సరే.
4. ముట్టు మునుపటికంటే ఎక్కువగా, ఎక్కువ రోజులు కావడం.
5. దుర్వాసనతో, నీళ్లలా లేదా రక్తపు జీరతో తెల్లబట్ట కావడం.
6. కలయిక సమయంలో నొప్పి, పొత్తికడుపులో తగ్గని నొప్పి.

కాలి వాపు, తగ్గని నడుము నొప్పి, మూత్రం సరిగా రాకపోవడం, బరువు తగ్గడం వంటివి జబ్బు ముదిరినప్పుడు కనిపిస్తాయి.

ఈ సూచనలున్న ప్రతి స్త్రీకీ క్యాన్సర్ ఉన్నట్లు కాదు. ఇన్ఫెక్షన్, గడ్డలు, హార్మోన్ల తేడా వల్ల కూడా ఇలా కావచ్చు. ఏది కారణమో లోపల పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. అనుమానం ఉంటే డాక్టరు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. పాప్ పరీక్ష బాగానే ఉందని చెప్పిన తర్వాత కూడా రక్తస్రావం ఆగకపోతే మళ్లీ తప్పక రండి.

తరచు అడిగే సందేహాలు

పిల్లల ఆపరేషన్ అయిన వారికి ఇది రాదా?
వస్తుంది. ఆ ఆపరేషన్‌లో నాళాలను మాత్రమే మూసివేస్తారు. గర్భసంచి మూతి అలాగే ఉంటుంది.

తెల్లబట్ట అవుతోంది, గర్భసంచి తీయించుకుంటే మంచిదా?
తొందరపడవద్దు. మామూలు ఇన్ఫెక్షన్ అయితే మందులతో తగ్గుతుంది. క్యాన్సర్ ఉన్న సంగతి తెలియక మామూలు ఆపరేషన్ చేస్తే వైద్యం అసంపూర్ణమై, తర్వాతి చికిత్స కష్టమవుతుంది. కాబట్టి ఆపరేషన్‌కు ముందే గర్భసంచి మూతిని పరీక్ష చేయించుకోండి.

ఏ బాధా లేనివారు ఏం చేయాలి?

క్యాన్సర్‌కు ముందు వచ్చే మార్పులు ఏ సూచనా ఇవ్వవు. అందుకే 30 ఏళ్లు దాటిన స్త్రీలు బాధ లేకపోయినా పరీక్ష చేయించుకోవాలి. పాప్ పరీక్ష, హెచ్.పి.వి. పరీక్ష, లేదా పలుచని ఎసిటిక్ ఆమ్లం అద్ది చూసే వి.ఐ.ఎ. పరీక్ష, వీటిలో ఏదైనా కొద్ది నిమిషాల పని. ముంబయి మురికివాడల్లో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి వి.ఐ.ఎ. పరీక్ష చేయగా, ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గినట్లు 2014లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. మార్పులను ఆ దశలోనే కనుగొంటే చాలామందికి గర్భసంచి తీయకుండానే చిన్న చికిత్సతో నయం చేయవచ్చు.

9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్.పి.వి. టీకా వేయిస్తే మంచి రక్షణ లభిస్తుంది. టీకా వేయించుకున్నా పెద్దయ్యాక పరీక్ష మానకూడదు.

డాక్టరు దగ్గరకు వచ్చినప్పుడు

చివరి ముట్టు ఎప్పుడు అయింది, రక్తం ఎప్పుడెప్పుడు కనిపించింది, ఎన్ని రోజులుంది అనేవి రాసుకుని రండి. కలయిక తర్వాత కనిపిస్తే ఆ మాట దాచకుండా చెప్పండి. మగ డాక్టరుతో చెప్పడానికి ఇబ్బందిగా ఉంటే నర్సుకు చెప్పండి. భర్తలు, పెద్ద పిల్లలు కూడా "ఏమీ కాదులే" అనకుండా, ఇంట్లోని తల్లిని, అత్తను, భార్యను ఈ వారమే వెంటబెట్టుకుని పరీక్షకు తీసుకురండి.