నేలపై నిలిచిన యోడ

ఓడ యనగానే నీటిపై తేలునది యని యెల్లరును తలంతురు. నీటిని తాకని యొక యోడ చరిత్రమును మేమీ వ్యాసమున చదువరులకు తెలుప నెంచితిమి.

ఇంగ్లండు దక్షిణతీరమున, పోర్ట్స్‌మత్ రేవునకు సమీపమున, లీ ఆన్ సోలెంట్ అను చిన్న యూరు కలదు. 1917వ సంవత్సరమున నచ్చట నీటివిమానములు నడుపుట నేర్పు పాఠశాల స్థాపింపబడెను. అప్పుడు నావికాదళమునకు స్వంత విమానశాఖ యుండెను. 1918 ఏప్రిల్ 1వ తేదీన నా శాఖయు, భూసైన్యపు విమానశాఖయు గలిసి రాయల్ ఎయిర్ ఫోర్సుగా నేర్పడగా, ఈ స్థావరమును దాని పాలయ్యెను.

ఓడలపైనుండి యెగురు విమానము లెవరి యధీనమున నుండవలెనని రెండు దళములకును చిరకాలము వాదము జరిగెను. 1937లో ప్రభుత్వము నావికాదళమునకే యనుకూలముగా తీర్పు చెప్పెను. 1939 మే 24వ తేదీన లీ స్థావరము నావికాదళమున జేరి, దాని విమానశాఖకు ప్రధానకార్యస్థానమయ్యెను. దానికి యుద్ధనౌకకువలెనే 'డీడలస్' అని పేరిడిరి. గ్రీకు పురాణములలో ఱెక్కలు చేసికొని యెగిరిన శిల్పి పేరది.

భవనములకు ఓడపేరేల? పూర్వము నావికాశాసనము ఓడ పట్టీలో పేరున్నవారికే వర్తించెడిది. కావున నొడ్డున పనిచేయువారిని సయితము ఏదో యొక యోడకు చెందినవారినిగా వ్రాయవలసివచ్చెను. ఆ యాచారము నిలిచిపోయెను. ఇట్టి స్థావరముల ద్వారము దాటి యూరిలోనికి పోవుటను నావికులు 'ఒడ్డునకు పోవుట' యందురు.

ఇది విన వింతయే కాని, ఆ పట్టీలోని పేరు వట్టి మాట కాదు. 1942 ఫిబ్రవరి 12వ తేదీన, లీ స్థావరమున పునర్నిర్మితమైన 825వ విమానదళము మాన్‌స్టన్ అను మఱియొక స్థావరమునుండి యెగిరి, ఇంగ్లీషు ఛానెలులో పోవుచున్న జర్మను యుద్ధనౌకల నెదుర్కొనెను. మందగతి గల యాఱు విమానములును కూలెను. పోయిన పదునెనిమిదిమందిలో నైదుగురే బ్రతికిరి.

లీ తీరమున 1953లో నొక స్మారకస్తంభము ప్రతిష్ఠింపబడెను. సముద్రము దప్ప వేఱు సమాధి లేని 1,900కు పైబడిన నావికా వైమానికుల పేర్లు దానిపై చెక్కబడినవి. స్థావరము 1996లో మూయబడెను. పేర్లు మాత్రము నిలిచియున్నవి.

మన దేశమునందును ఈ యాచారము కలదు. విశాఖపట్టణమున 1991లో నావికాదళమున చేర్పబడిన విమానస్థావరమునకు ఓడకువలెనే పేరున్నది: ఐ.ఎన్.ఎస్. డేగ. ఆ పక్షిని తెలుగు బిడ్డ యెఱుగనివాడు లేడు. ఒక పేరుక్రింద జేరుట యన దాని భారమును మోయుటయే యని ఈ చరిత్రము మనకు బోధించుచున్నది.