బోల్టులు అప్పుడే బిగించకండి

1967 నుంచి 1972 మోడల్ దాకా వచ్చిన షెవర్లే సీ10 పికప్ ట్రక్కులంటే అమెరికాలో ఇప్పటికీ మోజు తగ్గలేదు. ఏళ్ల తరబడి ఎండకూ వానకూ వదిలేసిన బండిని కొని, నట్టు నట్టుగా విప్పి, తుప్పు పట్టిన చోట కోసి, కొత్త రేకు అతికి, మళ్లీ రోడ్డెక్కించడం అక్కడ ఎందరికో ఇష్టమైన పని. ఇంజిన్ సంగతి ఎలాగో తేలిపోతుంది. ఓపికకు అసలు పరీక్ష తలుపులు, ఫెండర్లు, బానెట్ ఒకదానితో ఒకటి కుదిరేలా అమర్చడంలో ఉంది. తలుపుకీ ఫెండర్‌కీ మధ్య సందు పైన మూడు మిల్లీమీటర్లు, కింద ఎనిమిది ఉందనుకోండి, ఎంత ఖరీదైన రంగు వేసినా చూసేవాళ్ల కన్ను నేరుగా అక్కడికే పోతుంది.

ఆ అమరిక పనికి ఒక వరుస ఉంది. తన జీవితాన్ని సరిదిద్దుకోవాలనుకునే మనిషికి ఆ వరుస ఎంతగానో పనికొస్తుందని నా నమ్మకం. మనలో చాలామంది రంగుతో మొదలుపెడతాం. కొత్త సంవత్సరం రాగానే జిమ్‌లో చేరతాం, స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సుకి డబ్బు కడతాం, అలారం ఉదయం ఐదుకి పెడతాం. నెల తిరక్కముందే అన్నీ ఒకదాన్నొకటి రాసుకుంటాయి. లోపం పట్టుదలలో ఉందని మనల్ని మనం తిట్టుకుంటాం. లోపం పట్టుదలలో కాదు, వరుసలో ఉంది.

ట్రక్కు దగ్గర మొదటి ప్రశ్న: కదలనిది ఏది? ముందు బండి తన నాలుగు చక్రాల మీద, చదునైన నేల మీద నిలబడాలి. ఛాసిస్‌ను స్టాండ్ల మీద ఎత్తి పెట్టి సందులు సరిచేస్తే, దించి బరువు చక్రాల మీద పడగానే ఆ కొలతలు మారిపోతాయి. ఛాసిస్ ఒక మూల నుంచి ఎదురు మూలకు రెండు వైపులా కొలిచి, వంకర లేదని తేల్చుకోవాలి. క్యాబిన్ కింద చితికిపోయిన పాత రబ్బరు బుష్‌లు తీసి కొత్తవి వేయాలి. అప్పుడు క్యాబిన్ స్థిరపడుతుంది. మిగతావన్నీ దాన్ని చూసి సర్దుకోవాల్సినవే. క్యాబిన్ చూసి తలుపు, తలుపు చూసి ఫెండర్, ఫెండర్లు చూసి బానెట్, చివరికి వెనక తొట్టి. ఈ వరుస తిరగేసి బానెట్ దగ్గర మొదలుపెడితే, చిన్న చిన్న తేడాలన్నీ పోగై తలుపు దగ్గర బయటపడతాయి. క్యాబిన్‌లో తలుపు చోటు ముందే ఖాయమైపోయింది కాబట్టి, అక్కడ జరగడానికి చోటు ఉండదు.

మీ జీవితంలో కదలనివేవో ఒక కాగితం మీద రాయండి. పిల్లల స్కూలు బస్సు టైము, నాన్నగారికి మందు వేయాల్సిన వేళ, ఈఎంఐ కట్టే తేదీ, మీ ఒంటికి కచ్చితంగా కావాల్సిన నిద్ర. పెద్ద ఆశయాలేవీ ఈ కాగితం మీద రాయొద్దు. కొత్త అలవాటు ఏదైనా వీటిని చూసి సర్దుకోవాలే తప్ప, వీటిని తోసుకుంటూ రాకూడదు. నిద్రలోంచి గంట కోసి చదువుకు ఇచ్చేవాళ్లు క్యాబిన్‌నే జరుపుతున్నారు.

ఇక తలుపు. దాన్ని సరిచేయబోయే ముందు అనుభవమున్న టింకర్ చేసే పరీక్ష ఒకటుంది. తలుపు తెరిచి, చివర పట్టుకుని పైకి ఎత్తి చూస్తాడు. ఎత్తగానే లూజుగా ఆడిందంటే కీలులో పిన్నులు అరిగిపోయాయని అర్థం. అరిగిన పిన్నులతో ఎంత సర్దినా ఆ అమరిక నిలవదు, ముందు పిన్నులూ బుష్‌లూ మార్చాల్సిందే. తర్వాత క్యాబిన్ స్తంభానికి ఉండే స్ట్రయికర్‌ను, అంటే తలుపు గొళ్లెం వచ్చి పట్టుకునే ఆ బోల్టును, పూర్తిగా విప్పేస్తాడు. ఎందుకంటే వాలిపోయిన తలుపును కూడా మూసేటప్పుడు స్ట్రయికర్ పైకి ఎత్తి పట్టుకుంటుంది. మూసి ఉన్నంతసేపూ అంతా సవ్యంగానే కనిపిస్తుంది. కానీ మూసిన ప్రతిసారీ ఆ బరువు గొళ్లెం మీదే పడుతుంటుంది.

గడువు ముంచుకొస్తే తప్ప పని చేయని వాళ్లు, అమ్మ నాలుగుసార్లు లేపితే తప్ప లేవని వాళ్లు, మేనేజర్ ఫోన్ చేస్తే తప్ప ఫైలు తెరవని వాళ్లు తమ గురించి తాము ఇదే పరీక్ష చేసుకోవాలి. ఎత్తి పట్టుకునే ఆ చేయి లేకపోతే నేను ఎక్కడ నిలబడతాను? ఒక వారం ఎవరూ గుర్తుచేయవద్దని ఇంట్లో చెప్పి చూడండి. ఎంత వాలిపోయారో తెలుస్తుంది. బాధగా ఉంటుంది, నిజమే. కానీ సరిచేయాల్సింది ఎక్కడో మొదటిసారి కంటికి కనిపిస్తుంది.

తలుపు విషయంలో ఇంకొకటి. రబ్బరు బీడింగ్ లేకుండా చూస్తే చక్కగా కూర్చున్న తలుపు, కొత్త బీడింగ్ పెట్టగానే బయటికి తన్నుకొస్తుంది. అందుకే బీడింగ్ పెట్టే కొలతలు చూసుకోవాలి. సెలవు రోజున, ఇంట్లో ఎవరూ లేనప్పుడు వేసుకున్న టైంటేబుల్ బీడింగ్ లేని తలుపే. అత్తగారు, పిల్లలు, ట్రాఫిక్, వంట అన్నీ ఉన్న మంగళవారం నాడు అది నిలబడుతుందా అని చూడండి.

ఇప్పుడు మొదట చెప్పిన సందు దగ్గరికి వద్దాం. పైన మూడు, కింద ఎనిమిది. కొత్తగా పని నేర్చుకునేవాడు ఫెండర్ అంచును గ్రైండర్‌తో అరగదీయాలనో, ఆ మూలను సుత్తితో కొట్టాలనో చూస్తాడు. తెలిసినవాడు ఆ సందును ముట్టుకోడు. బండి ముందువైపుకు వెళ్లి రేడియేటర్‌ను మోసే ఇనుప చట్రం దగ్గర కూర్చుంటాడు. ఫెండర్ ముందు భాగం ఆ చట్రానికే బిగించి ఉంటుంది. చట్రం కింద ఉన్న షిమ్, అంటే ఎత్తు సర్దడానికి పెట్టే పల్చటి రేకు ముక్క, ఒకటి తీసేస్తే ముందు భాగం కాస్త దిగుతుంది. అది దిగగానే ఫెండర్ వెనక పై మూల ముందుకు జరుగుతుంది, తలుపు దగ్గర ఇరుకు వదులుతుంది. పైన సందు మరీ ఎక్కువగా ఉంటే దీనికి తిరగేసి ఒక షిమ్ కలుపుతాడు. సందు కనిపించేది ఒక చోట, మందు పడేది మూడు నాలుగు అడుగుల అవతల.

ఈ ఒక్క సంగతి కోసమే ఈ వ్యాసం రాశానన్నా తప్పులేదు. రోజూ రాత్రి ఎనిమిదింటికి భార్యాభర్తలు కూర గురించో, పిల్లాడి హోంవర్క్ గురించో పోట్లాడుకుంటుంటే, కూర గురించి ఒప్పందం కుదుర్చుకుని లాభం లేదు. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా ఆ ఇద్దరూ ఏం తిన్నారు, ఎంతసేపు బస్సులో నిలబడ్డారు, ఎవరి మాట పడ్డారు అన్నది చూడాలి. లెక్కల్లో మార్కులు తగ్గుతున్న పిల్లాడికి ఇంకో ట్యూషన్ పెట్టే ముందు, వాడికి బోర్డు సరిగ్గా కనిపిస్తోందో లేదో కంటి డాక్టరుకు చూపించాలి. గొడవ కనిపించిన చోట గ్రైండర్ పెడితే అంచు పోతుంది. పోయిన రేకు మళ్లీ రాదు, దాని మీద లప్పం పూయాల్సి వస్తుంది.

ఎంత సందు ఉంచాలి? పాత ట్రక్కులను బాగుచేసేవాళ్లు చాలామంది సుమారు ఐదు మిల్లీమీటర్ల దగ్గర ఆగుతారు. సందు అసలు లేకుండా చేయాలని ఎవరూ చూడరు. గతుకుల్లో ఛాసిస్ మెలి తిరుగుతుంది, అది తిరగడానికే చేసిన నిర్మాణం. క్యాబిన్‌నూ వెనక తొట్టినీ విడివిడిగా చేసి మధ్యలో ఖాళీ వదిలింది అందుకే. ఆ ఖాళీ లేకపోతే రెండూ గుద్దుకుని రంగు పెచ్చులూడుతుంది. కావాల్సింది సందు మొత్తం ఒకే కొలతలో ఉండటం. ఉమ్మడి ఇంట్లోనైనా, ఆఫీసు టీములోనైనా మనుషుల మధ్య కొంత దూరం ఉండనివ్వండి. ఒకరోజు అతి చనువు, మర్నాడు మౌనం, ఇదే అందరినీ అలసగొడుతుంది.

బోల్టుల సంగతి చివరగా. అన్ని భాగాలూ వాటి చోట కూర్చునే దాకా దేన్నీ గట్టిగా బిగించరు, చేత్తో తిప్పినంత మాత్రమే. బోల్టు దూరే రంధ్రాలు కోలగా ఉండేది అటూ ఇటూ జరపడానికే. ఒకటి ముందే గట్టిగా బిగిస్తే, మిగతావన్నీ దాని తప్పును మోయాలి. అన్నీ కుదిరాక ఒక్కొక్కటే బిగిస్తూ, బిగించిన ప్రతిసారీ సందు మళ్లీ చూస్తారు. కాబట్టి కొత్త పద్ధతి మొదలుపెట్టిన మొదటి రోజుల్లో ప్రమాణాలు చేయకండి, పదిమందికి చెప్పకండి, ఏడాది ఫీజు ఒకేసారి కట్టకండి. నడకను ఉదయం నుంచి సాయంత్రానికి జరిపి చూడండి. చదువును వంటింటి బల్ల మీదికి మార్చి చూడండి. కుదిరాక బిగించండి.

కుదిరిన బండిని రంగు కోసం మళ్లీ మొత్తం విప్పాలి. అందుకని విప్పే ముందు ఫెండర్‌నూ అది ఆనుకున్న రేకునూ కలిపి, కనిపించని చోట మూడు మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి వేసి పెడతారు. రంగయ్యాక అదే సైజు డ్రిల్ బిట్‌ను ఆ రెండు రంధ్రాల్లో దూరిస్తే, కుదిరిన చోటు మళ్లీ దొరుకుతుంది. మీరూ అంతే చేయండి. అంతా సవ్యంగా నడిచిన వారం గురించి నాలుగు లైన్లు రాసిపెట్టుకోండి: ఎన్నింటికి పడుకున్నారు, వంట ఎవరు చేశారు, ఏ పని వదిలేశారు, ఫోన్ రాత్రి ఎక్కడ పెట్టారు. ట్రాన్స్‌ఫర్ వచ్చినా, ఇంట్లో కాన్పు వచ్చినా, జ్వరంతో పది రోజులు పడుకున్నా ఈ అమరిక మొత్తం విప్పాల్సి వస్తుంది. అప్పుడు ఆ కాగితం తీసి, మొదటి లైనుతో మొదలుపెట్టండి.