ముందు వినండి: క్యాసెట్ల కాలపు చీకటి సంగీతం నాకు నేర్పిన పాఠాలు

గుంటూరులో వైద్యం చదివి, డెబ్భైల చివర్లో ఇంగ్లండు ఉత్తరాది ఆసుపత్రులకు వెళ్లిన తెలుగు డాక్టర్లలో నేనొకణ్ణి. షెఫీల్డ్‌లో ఉద్యోగం. అప్పటికి సంగీతమంటే నాకు తెలిసింది త్యాగరాజ కీర్తనలు, ఘంటసాల పాటలు. అక్కడ పరిచయమైన సంగీతంలో పల్లవి లేదు, తాళం లేదు. యంత్రాల హోరు, ఎక్కడో దూరాన ప్రతిధ్వని, కదిలీ కదలనట్టు సాగే మంద్రస్వరం. ఇప్పుడు దాన్ని డార్క్ ఆంబియెంట్ అంటున్నారు. పంక్ రాక్ సంగీతపు ఉప్పెన తీశాక, డెబ్భైల చివరి నుంచి ఎనభైల చివరి దాకా, ఇళ్లలో క్యాసెట్ల మీద తయారై తపాలాలో ఊళ్లు తిరిగిన సంగీతం అది. నేటికీ వింటూనే ఉన్నాను.

హైదరాబాదులోనూ విశాఖలోనూ ల్యాప్‌టాప్ మీద ఇలాంటి ధ్వనులతో పనిచేసే కుర్రవాళ్లు కొందరు నన్ను కలుస్తుంటారు. ఎక్కడ మొదలుపెట్టాలి అని అడుగుతారు. వాళ్లకు చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను.

1. వాయిద్యం పట్టే ముందు ఊరిని వినండి

షెఫీల్డ్ ఉక్కు నగరం. ఎర్రగా కాలిన ఉక్కు మీద పడే పెద్ద పెద్ద సుత్తి యంత్రాల దెబ్బ రాత్రిపూట ఊరంతా వినిపించేది. ఆ ఊరివాళ్లే రిచర్డ్ కర్క్, స్టీఫెన్ మాలిండర్, క్రిస్ వాట్సన్. 1973లో క్యాబరే వోల్టేర్ పేరుతో ముగ్గురూ కలిసి, మొదట వాట్సన్ ఇంటి అటకగదిలో టేపు ముక్కలు కోసి అతికిస్తూ ప్రయోగాలు చేశారు. 1980 జనవరి నుంచి ఏప్రిల్ దాకా దేశమంతటా ఉక్కు కార్మికుల సమ్మె నడిచింది. ఆ తర్వాతి ఏళ్లలో కర్మాగారాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. చప్పుడు ఆగిపోయాక ఊళ్లో మిగిలిన వెలితిని మేం చెవులతో గుర్తుపట్టాం. ఆ వెలితి వాళ్ల టేపుల్లో ఉంది.

మిగతావాళ్లదీ ఇదే దారి. త్రాబింగ్ గ్రిసిల్ బృందం లండన్ హాక్నీలో పాత ఫ్యాక్టరీ కింది గదిలో పనిచేసింది. దిస్ హీట్ బృందం బ్రిక్స్‌టన్‌లో ఒకప్పుడు మాంసం నిల్వచేసిన శీతల గదిని స్టూడియో చేసుకుని, దానికి కోల్డ్ స్టోరేజ్ అనే పేరే ఉంచింది. తాము కూర్చున్న చోటు ఎలా మోగుతుందో వీళ్లందరికీ తెలుసు. మీ గది, మీ వీధి ఎలా మోగుతాయో మీకు తెలియకపోతే, కొనుక్కున్న ధ్వనులు ఎన్ని పేర్చినా అవి ఎవరివో అన్నట్టే ఉంటాయి.

2. చేతిలో ఉన్న వస్తువు గుణం తెలుసుకోండి

క్యాసెట్టును ఫిలిప్స్ కంపెనీలో లూ ఓటెన్స్ బృందం తయారుచేసింది. 1963లో లోకానికి చూపించారు. టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు. సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడుస్తుంది. అంత సన్నని టేపు అంత నెమ్మదిగా నడిస్తే దాని మీద నిలిచే అయస్కాంత ముద్ర చిన్నది. అందుకే వెనకాల ఎప్పుడూ సుయ్యిమనే శబ్దం. ఒక కాపీ నుంచి ఇంకో కాపీ తీసినకొద్దీ పైస్వరాల మెరుపు తగ్గి, సుయ్యిమనేది పెరుగుతుంది. సంగీత కంపెనీలకు ఇది లోపం. ఈ కళాకారులు మాత్రం ఆ సవ్వడిని గాలిలాగా, వానలాగా ధ్వనిలో భాగం చేసుకున్నారు. కాపీ మీద కాపీ తీసి గొంతును గుర్తుపట్టలేనంతగా అరగదీసినవాళ్లున్నారు.

1979లో టాస్కమ్ కంపెనీ పోర్టాస్టూడియో అనే రికార్డరు వచ్చింది. మామూలు క్యాసెట్టు మీదే నాలుగు ట్రాకులు. నాణ్యత కోసం టేపును రెట్టింపు వేగంతో నడిపేది. ఇందులో ఒక చమత్కారం ఉంది. దాని మీద రికార్డు చేసిన టేపును ఇంట్లో ఉండే మామూలు క్యాసెట్ డెక్‌లో వేస్తే సగం వేగంతో నడుస్తుంది. ధ్వని సరిగ్గా ఒక స్థాయి కిందికి దిగుతుంది, నిడివి రెట్టింపవుతుంది. చిన్న గంట పెద్ద కంచుగంటగా మారుతుంది, మనిషి దగ్గు గుహలో మృగం గొంతవుతుంది. క్యాసెట్టు తిరగేసి వేస్తే మిగతా రెండు ట్రాకులు వెనక నుంచి ముందుకు వినిపిస్తాయి. డబ్బు పెట్టకుండానే ధ్వనిని మార్చే రెండు దారులు ఆ ప్లాస్టిక్ డబ్బాలోనే ఉన్నాయి. మీ సాఫ్ట్‌వేర్‌లో వెయ్యి ప్రభావాలుండవచ్చు. ఒకటి తీసుకుని, దానితో ఏమేం అవుతుందో పూర్తిగా తెలిసేదాకా దాని దగ్గరే ఉండండి.

3. లేనిదాన్ని తయారుచేసుకోండి

త్రాబింగ్ గ్రిసిల్‌లో క్రిస్ కార్టర్ సొంతంగా సింథసైజర్లు కట్టుకున్నవాడు. ప్రాక్టికల్ ఎలక్ట్రానిక్స్ పత్రికలో అచ్చయిన ఒక సర్క్యూటును తీసుకుని, కొన్ని మార్పులు చేసి, తన బృందానికి గ్రిసిలైజర్ అనే పెట్టె తయారుచేశాడు. గిటారునూ గొంతునూ ముక్కలు ముక్కలుగా కోసి వణికించే ఆ ధ్వని ఆ బృందపు ముద్రగా నిలిచింది. అదే బృందంలోని పీటర్ క్రిస్టఫర్సన్ క్యాసెట్ ప్లేయర్లను కీబోర్డుకు కలిపి, మీట నొక్కితే టేపులోని మాటలూ చప్పుళ్లూ పలికేలా వాడాడు. శాంప్లర్లు మామూలు మనిషికి అందుబాటులోకి రాకముందు సంగతి ఇది.

నర్స్ విత్ వూండ్ పేరుతో పనిచేసే స్టీవెన్ స్టేపుల్టన్ 1988లో సొలిలొక్వీ ఫర్ లిలిత్ అనే రికార్డు చేశాడు. వాయిద్యమేదీ లేదు. ఎఫెక్ట్ పెడళ్లను ఒకదానికొకటి కలిపి, చివరిదాన్ని మొదటిదానికి తిప్పి పెట్టాడు. వాటిలోంచి వాటికవే ఒక మూలుగు పుట్టింది. పెడళ్ల మీదుగా చేతులు కదిపితే ఆ ధ్వని మారింది. ఎన్నో నిమిషాల పాటు ఆ కదలికే సంగీతం. స్టేపుల్టన్ అక్కడ చేసిన పెద్ద పని, యంత్రం ఇచ్చినదాన్ని గుర్తుపట్టి దానికి అడ్డురాకుండా నిలబడటం.

4. గది కూడా వాయిద్యమే

మామూలు రికార్డింగులో గది ప్రతిధ్వనిని ఎంత తగ్గిస్తే అంత మంచిదంటారు. ఈ సంగీతంలో గదే కథానాయిక. 1979లో స్టాక్‌పోర్ట్‌లోని స్ట్రాబెరీ స్టూడియోలో జాయ్ డివిజన్ అనే బృందం మొదటి ఆల్బం రికార్డు చేస్తున్నప్పుడు, నిర్మాత మార్టిన్ హానెట్ డిజిటల్ డిలే యంత్రంతో డ్రమ్ముల చుట్టూ ఖాళీ స్థలాన్ని సృష్టించాడు. నలుగురు కుర్రాళ్లు వాయిస్తున్నది ఏదో పాడుబడ్డ గోదాములో అనిపిస్తుంది. పంక్ వేగం అక్కడ నెమ్మదించి, చుట్టూ చీకటి చేరింది.

ఆ ఖాళీని చివరి దాకా తీసుకెళ్లినవాడు వేల్స్ నుంచి వచ్చిన బ్రయన్ విలియమ్స్. లస్ట్‌మోర్డ్ పేరుతో 1980లో మొదలుపెట్టాడు. 1990లో వచ్చిన హెరెసీ ఆల్బం కోసం గుహల్లో, గనుల్లో, చర్చిల కింది సమాధి గదుల్లో రికార్డు చేసిన ధ్వనులు వాడాడు. ఈ తరహా సంగీతానికి కొలమానంగా చాలామంది దాన్నే చూపిస్తారు. రాతి గోడల మధ్య ధ్వని వెంటనే చావదు. పైస్వరాలు ముందు ఆరిపోతాయి, మంద్రం చాలాసేపు తిరుగాడుతుంది. చెవి దాన్నిబట్టి చోటు ఎంత పెద్దదో, గోడ ఎంత దూరమో అంచనా కడుతుంది. కళ్లు మూసుకున్నా లోతు తెలిసేది అందుకే. ప్రతిధ్వని పెంచే మీటను తిప్పే ముందు ఆ చోటు ఏదో మనసులో కట్టుకోండి: పైకప్పు ఎంత ఎత్తు, గోడ రాయా ఇటుకా, నీళ్లున్నాయా.

5. శ్రుతి తెలిసిన చెవికి ఇది పరాయిది కాదు

మొదటిసారి ఈ టేపులు విన్నప్పుడు నాకు భయం కలగలేదు. చిన్నప్పుడు మా ఇంట్లో సంగీతం మేష్టారు రాకముందే పెద్దవాళ్లు తంబురా శ్రుతి చేసి మీటుతూ ఉండేవారు. ఆయన వచ్చేదాకా మేం దాన్నే వింటూ కూర్చునేవాళ్లం. ఒకే స్వరంలోంచి ఇంకెన్నో స్వరాలు లేచి పడటం అప్పుడే తెలిసింది.

ఈ బంధుత్వం నా ఊహ కాదు. కిరానా ఘరానా గాయకుడు పండిట్ ప్రాణ్‌నాథ్ 1970లో అమెరికా వెళ్లాడు. న్యూయార్క్ స్వరకర్త లా మాంటీ యంగ్ ఆయనకు శిష్యుడయ్యాడు. యంగ్ అంతకుముందే, అరవైల్లో, ఒకే స్వరాన్ని గంటల తరబడి నిలిపే బృందం నడిపాడు. అందులో వయోలా వాయించిన జాన్ కేల్ ఆ నిలకడను వెల్వెట్ అండర్‌గ్రౌండ్ అనే రాక్ బృందంలోకి తెచ్చాడు. పంక్ తర్వాతి తరమంతా ఆ బృందాన్ని విని పెరిగినదే.

తేడా కూడా చెప్పాలి. మన దగ్గర శ్రుతి మీద రాగం నిలబడుతుంది. ఇక్కడ రాగం రాదు. ఆధారమే మొత్తం కచేరీ. కాబట్టి ఆ ఒక్క మంద్రస్వరంలోనే జీవం ఉండాలి. కదలిక లేని శ్రుతిని ఎవరూ ఎక్కువసేపు వినలేరు.

6. పెట్టుబడి కోసం ఎదురుచూడకండి

త్రాబింగ్ గ్రిసిల్ 1976లో ఇండస్ట్రియల్ రికార్డ్స్ అనే సొంత లేబుల్ పెట్టింది. నర్స్ విత్ వూండ్ మొదటి రికార్డు 1979లో 500 కాపీలు. క్యాసెట్టుకు ఆ పెట్టుబడి కూడా అక్కర్లేదు. రెండు డెక్కులుంటే అడిగినప్పుడు అడిగినన్ని తీసుకోవచ్చు. టోక్యోలో మసామి అకిటా మెర్జ్‌బౌ పేరుతో, మిలాన్‌లో మౌరిజియో బియాంకి, ఇంగ్లండులో బ్రోకెన్ ఫ్లాగ్ లేబుల్, ఆమ్‌స్టర్‌డామ్‌లో స్టాల్‌ప్లాట్: వీళ్లందరినీ కలిపింది తపాలా. ఖాళీ క్యాసెట్టూ తిరుగు స్టాంపులూ పంపితే రికార్డు చేసి పంపేవాళ్లు చాలామంది. నా టేపు మీకు, మీ టేపు నాకు. న్యూకాజిల్‌కు చెందిన జోవియట్ ఫ్రాన్స్ బృందమైతే రికార్డును గోనెపట్టాలో, అల్యూమినియం రేకులో చుట్టి ఇచ్చింది. చేతిలో పట్టుకోగానే వినబోయేది ఏమిటో తెలిసేది.

1981లో బ్రిటిష్ రికార్డు కంపెనీల సంఘం ఇంటి టేపింగు సంగీతాన్ని చంపేస్తోందని ప్రచారం చేసింది. అదే టేపింగు వల్ల ఏ కంపెనీ ముట్టుకోని ఒక సంగీతం మొత్తం బతికింది. ఆ రోజుల్లోనే మన దేశంలోనూ క్యాసెట్ల వెల్లువ వచ్చి, గ్రామఫోను కంపెనీ గడప తొక్కని జానపద గొంతులకూ భజన బృందాలకూ చోటు దొరికింది. పదిమందికే చేరినా ఫర్వాలేదు. ఆ పదిమంది శ్రద్ధగా వింటే చాలు.

7. భయపెట్టడం తేలిక, భయంతో కూర్చోబెట్టడం కష్టం

ఈ సంగీతం చుట్టూ హంతకుల ఫొటోలు, శవపరీక్షల బొమ్మలు, నాజీ గుర్తులు విపరీతంగా తిరిగాయి. బియాంకి 1981 నాటి సింఫనీ ఫర్ ఎ జెనోసైడ్ ఆల్బంలో భాగాలకు నాజీ మృత్యుశిబిరాల పేర్లు పెట్టాడు. చరిత్రను మరిచిపోనివ్వకూడదని చేసినవాళ్లు కొందరు. అట్ట మీద బొమ్మ అమ్ముడుపోతుందని చేసినవాళ్లు మరికొందరు. ఆసుపత్రిలో చావును దగ్గర నుంచి చూసినవాడిగా నా అభిప్రాయం ఖచ్చితంగా చెబుతాను: ఇంకొకరి బాధను అలంకారంగా పెట్టుకోకండి. అట్ట పక్కన పెట్టి, పేరు చెప్పకుండా వినిపించండి. ధ్వని తనంతట తాను నిలబడితే అది పని.

సిడ్నీలో ఎస్‌పీకే బృందాన్ని మొదలుపెట్టిన గ్రేమ్ రెవెల్ మానసిక వైద్యశాలలో నర్సుగా పనిచేసినవాడు. తాను రోజూ చూసినదాని నుంచే మొదలుపెట్టాడు. 1986 నాటి జామియా లెహ్మనీ ఆల్బంకు వచ్చేసరికి అరుపులు తగ్గి, ఒక పాత ప్రార్థనాలయపు గాంభీర్యం వచ్చింది. ఆ మార్పు వెనక ఎదుగుదల ఉంది. రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చాక నేను తరచుగా ఇలాంటి సంగీతమే పెట్టుకునేవాణ్ణి. అది నన్ను ఓదార్చడానికి ప్రయత్నించలేదు. చూసినదాన్ని చూసినట్టుగా తలుచుకోవడానికి చోటిచ్చింది.

8. దారి మారినా చెవిని వదలకండి

క్రిస్ వాట్సన్ 1981లో క్యాబరే వోల్టేర్‌ను వదిలి న్యూకాజిల్‌లోని టైన్ టీస్ టెలివిజన్‌లో ధ్వని విభాగంలో చేరాడు. తర్వాత ప్రకృతి ధ్వనుల రికార్డింగులో ప్రపంచానికి తెలిసినవాడయ్యాడు. డేవిడ్ అటెన్‌బరో సమర్పించిన బీబీసీ కార్యక్రమాలకు పక్షులనూ మృగాలనూ రికార్డు చేశాడు. 2003లో వెదర్ రిపోర్ట్ అనే ఆల్బంలో ఐస్‌లాండ్ హిమానీనదం కదలికను వినిపించాడు. మంచు మూలుగుతూ, పగులుతూ సముద్రం వైపు జరిగే ఆ ధ్వని వింటే, అటకగదిలో టేపులు కోసిన కుర్రవాడూ ఆయనా ఒకరేనని తెలుస్తుంది. రెవెల్ సినిమా సంగీతానికి వెళ్లాడు. లస్ట్‌మోర్డ్ 2017లో పాల్ ష్రేడర్ తీసిన ఫస్ట్ రిఫార్మ్‌డ్ సినిమాకు సంగీతమిచ్చాడు. త్రాబింగ్ గ్రిసిల్ 1981లో శాన్‌ఫ్రాన్సిస్కో కచేరీ తర్వాత పని ముగిసిందని ప్రకటించి విడిపోయింది. పేరుకోసం ఒకే చోట వేలాడినవాళ్లు వీరిలో తక్కువ. చెవిని మాత్రం ఎవరూ వదలలేదు.

9. ఈ వారం చేయవలసిన పని

మీ ఊళ్లో ఒక చోటు ఎంచుకోండి. రైసు మిల్లు కావచ్చు, ట్రాన్స్‌ఫార్మరు కింద కావచ్చు, వేళకాని వేళ గుడి మండపం కావచ్చు. ఫోనుతోనే ఒక సీ-60 క్యాసెట్టు ఒక వైపు నిడివి, అంటే ముప్పై నిమిషాలు, మాట్లాడకుండా రికార్డు చేయండి. ఇంటికొచ్చి మొత్తం వినండి. వింటూ ఏ పనీ పెట్టుకోకండి. చెవిడాక్టరును కాకపోయినా డాక్టరుగా చెబుతున్నాను, శబ్దం పెంచకండి. ఈ సంగీతంలో మంచి విషయాలన్నీ తక్కువ శబ్దంలోనే తెలుస్తాయి. రెండోసారి వింటూ మీ చెవి ఎక్కడెక్కడ ఆగిందో కాగితం మీద రాసుకోండి. ఆ చోట్లనే సగం వేగంతో మళ్లీ వినండి.

అప్పుడు కూడా ఏమైనా కలపాలనిపిస్తే కలపండి. ఏమీ కలపనక్కర్లేదనిపిస్తే దాన్ని అలాగే ఒక స్నేహితుడికి పంపండి, అతను విన్నది పంపమని అడగండి. షెఫీల్డ్‌లో, మిలాన్‌లో, టోక్యోలో ఈ సంగీతం మొదలైంది సరిగ్గా ఇలాగే. దానికి కావలసినవన్నీ మీ దగ్గర ఇప్పటికే ఉన్నాయి.