తల మీద వెంట్రుకలు మొలవని మచ్చ



ఎనిమిదో తరగతిలో కౌమారదశ పాఠం చెప్పాక ఏటా ఒకరిద్దరు పిల్లలు బెల్ కొట్టినా బయటికి వెళ్లకుండా నిలబడతారు. అందరి ముందు అడగలేని ప్రశ్నలు వాళ్లవి. ఈసారి వచ్చిన ప్రశ్న: "మేడం, మొటిమలు తల మీద కూడా వస్తాయా?" జుట్టు పక్కకు జరిపి చూపిస్తే రూపాయి బిళ్లంత చోట వెంట్రుకలు లేవు. చర్మం పసుపుపచ్చగా, గరుకుగా ఉంది. ఇంట్లో చెప్పావా అంటే "అమ్మ భయపడుతుంది" అని జవాబు. ఎవరో చెప్పను. వాళ్ల అమ్మగారితో మాట్లాడి, ఆమె సరే అన్నాకే ఇది రాస్తున్నాను. నాకైతే ఆ మచ్చ కొత్త కాదు. అలాంటిదే నా తల మీదా ఉండేది.

మన వైపు చాలా ఇళ్లలో ఇది బయటపడేది భద్రాచలంలో పుట్టు వెంట్రుకలు తీయించిన రోజునే. గుండు చేశాక కనపడిన నా మచ్చను చూసి మా నానమ్మ పేనుకొరుకుడు అంది, గురివింద గింజ అరగదీసి రాసింది. పుండు పడింది కానీ ఒక్క వెంట్రుకా మొలవలేదు. గురివింద గింజలో ఏబ్రిన్ అనే విషం ఉంటుంది. దయచేసి పిల్లల చర్మం మీద ఆ ప్రయోగం వద్దు.

రెండింటికీ తేడా ఉంది. పేనుకొరుకుడు మధ్యలో వస్తుంది, అక్కడి చర్మం నున్నగా ఉంటుంది, చాలామందికి జుట్టు తిరిగి వస్తుంది. నేను చెబుతున్న మచ్చ పుట్టుకతోనే ఉంటుంది, అక్కడ జుట్టు ఎప్పుడూ సరిగా మొలవదు. దీని పేరు నీవస్ సెబేషియస్, అంటే నూనె గ్రంథులు ఎక్కువగా ఉన్న పుట్టుమచ్చ. జర్మనీలో చదువుకున్న జడాసన్ అనే చర్మవైద్యుడు 1895లో దీన్ని వర్ణించారు. వెయ్యి మంది శిశువుల్లో సుమారు ముగ్గురికి ఉంటుందని అంచనా.

గ్రహణం వేళ బయటికి వచ్చావనో, కూర తరిగావనో తల్లిని అనే మాటలకు ఇక్కడ ఆధారం లేదు. పిండం పెరుగుతున్నప్పుడు ఒక్క కణంలో, ఎక్కువగా హెచ్‌రాస్ అనే జన్యువులో, చిన్న మార్పు జరుగుతుంది. ఆ కణం నుంచి పుట్టిన కణాలన్నీ అదే మార్పుతో ఒక చోట పెరుగుతాయి. ఈ సంగతి 2012లో తేలింది. మిగతా ఒంట్లో ఆ మార్పు ఉండదు కాబట్టి సాధారణంగా ఇది వంశపారంపర్యం కాదు.

చిన్నతనంలో మచ్చ బల్లపరుపుగా ఉంటుంది. పన్నెండు, పదమూడేళ్లకు మొటిమలు తెచ్చే హార్మోన్లే ఇక్కడి నూనె గ్రంథులనూ పెంచుతాయి. అప్పుడు మచ్చ లావెక్కి పులిపిర్లలా తయారవుతుంది. మా విద్యార్థి విషయంలో జరిగింది ఇదే. ఇది క్యాన్సర్ కాదు, ఆ వయసుకు రావలసిన మార్పే.

అసలు భయం దాని తర్వాతి సంగతి గురించి. పెద్దయ్యాక కొందరికి ఈ మచ్చలోనే కొత్త గడ్డలు పుడతాయి. నాకు ఇరవై నాలుగో ఏట మచ్చ అంచున మినపగింజంత బుడిపె వచ్చింది. దువ్వెన తగిలితే చెమ్మ, ఒక్కోసారి రక్తం. బీఎడ్ చదువుతున్నాను, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ఆరు నెలలు ఎవరికీ చెప్పలేదు. తెలివైన పని కాదని ఇప్పుడు ఒప్పుకుంటాను. చివరికి మచ్చ మొత్తం కోసి తీసి, బయాప్సీకి పంపారు. రిపోర్టులో "సిరింగోసిస్టడినోమా పాపిలిఫెరమ్" అని చూసి మా నాన్న కుర్చీలో కూలబడ్డారు. చెమట గ్రంథుల రకానికి చెందిన గడ్డ, క్యాన్సర్ కాదు అని డాక్టర్ గారు చెప్పాకే లేచారు.

ఎక్కువగా వచ్చేవి ఇలాంటివే. రెండోది ట్రైకోబ్లాస్టోమా, వెంట్రుక కుదురుకు సంబంధించినది, అదీ క్యాన్సర్ కాదు. అయితే మైక్రోస్కోపులో అది బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్‌లా కనిపిస్తుంది. పాత లెక్కల్లో చాలాసార్లు దీన్నే క్యాన్సర్ అని రాసేశారు. అందుకే ఒకప్పుడు పదిమందిలో ఒకరికి, అంతకన్నా ఎక్కువ మందికి కూడా క్యాన్సర్ వస్తుందనుకుని చిన్నపిల్లలకే ఆపరేషన్లు చేసేవారు. ఫ్రాన్స్ వైద్యులు 596 మచ్చలను మళ్లీ పరీక్షించి 2000లో ప్రచురించిన లెక్కలో బేసల్ సెల్ కార్సినోమా 0.8 శాతమే. అదీ చాలావరకు పెద్ద వయసు వాళ్లలో.

కాబట్టి తీయించాలా వద్దా అన్నది హడావుడిగా తేల్చాల్సిన విషయం కాదు. పసివాడికైతే పూర్తి మత్తు ఇవ్వాలి. హైస్కూల్ వయసులో చాలావరకు ఆ చోటు మాత్రమే మొద్దుబార్చి తీసి కుట్లు వేయవచ్చు, పైగా అప్పటికి పిల్లల అభిప్రాయమూ అడగవచ్చు. నా ఉద్దేశంలో అదే ముఖ్యం, అద్దంలో చూసుకునేది వాళ్లు కదా. గ్రంథులు లోతుగా ఉంటాయి కనుక పైపూత మందులతో మచ్చ పోదు.

కొత్త బుడిపె, తగ్గని పుండు, రక్తం, చెమ్మ, త్వరగా పెరగడం కనిపిస్తే మాత్రం ఆగకండి. ముఖం మీద పొడవుగా పాకిన పెద్ద మచ్చతో పాటు ఫిట్స్, కంటి లోపం, ఎదుగుదలలో ఆలస్యం ఉంటే పిల్లల డాక్టర్‌కు వెంటనే చూపించాలి. అది అరుదు. చర్ల, దుమ్ముగూడెం వైపు వారు హైదరాబాద్ దాకా పరుగెత్తే ముందు కొత్తగూడెం, ఖమ్మం ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల డాక్టర్‌ను అడగవచ్చు.

ఏటా పుట్టినరోజున మచ్చ పక్కన స్కేలు పెట్టి ఒక ఫోటో తీసుకోండి. డాక్టర్‌కు మన జ్ఞాపకం కన్నా అదే ఉపయోగం. హెల్త్ కార్డులో మచ్చ ఉన్నట్టు ఒక లైను రాసి పంపండి. హాస్టల్ పిల్లలకు కటింగ్ చేసే ఆయన మిషన్ అక్కడ ఆనించకుండా వార్డెన్ ముందే చెబుతారు.