నీళ్ళు తీసిన ఇంటికి వెళ్ళేటప్పుడు
(ప్రశ్నలు - జవాబులు)

ప్రశ్న: అయ్యగారూ, 2024 డిసెంబరులో ఊత్తంగరైలో వరద వచ్చినప్పుడు మా సంఘం యువతతో కలిసి బియ్యం, దుప్పట్లు పంచడానికి వెళ్ళాను. ఒకామె నా చెయ్యి పట్టుకుని "దేవుడు మా ఇంటి మీదికే నీళ్ళు ఎందుకు తోలినాడు?" అని అడిగింది. నాకు నోరు పెగల్లేదు. పక్కనున్న మా పెద్దాయన "అంతా మన పాపాలేనమ్మా" అన్నారు. ఆమె నా చెయ్యి వదిలేసింది. అప్పుడు ఏం చెప్పి ఉండాల్సింది?
- ఒక సోదరి, హోసూరు

జవాబు: అమ్మా, నోరు పెగలకపోవడం మీ లోపం కాదు. పెద్దాయన మాట మాత్రం తప్పు, మన విశ్వాసం ప్రకారమే తప్పు. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయారు. వాళ్ళు యెరూషలేములోని మిగతావాళ్ళకంటే ఎక్కువ పాపులేమీ కారని యేసు ఖండితంగా చెప్పాడు. లూకా సువార్త 13వ అధ్యాయం తీసి ఆయనకు మర్యాదగా చూపించండి.

ఆ వరదకు కారణమైన ఫెంగల్ తుపాను నవంబరు 30న పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. సముద్రానికి ఇంత దూరాన ఉన్న క్రిష్ణగిరి జిల్లాకు దాని వల్ల ముప్పు ఉంటుందని ఎంతమంది అనుకుని ఉంటారు? బలహీనపడిన తుపానే లోపలికి వచ్చి, డిసెంబరు 2 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ఊత్తంగరైలో 50 సెంటీమీటర్ల వాన కురిపించింది. చెరువు పొంగి, బస్టాండు దగ్గర నిలిపిన వ్యాన్లు, కార్లు కొట్టుకుపోయాయి. ఇదంతా విడమరచి చెప్పినా ఆమె కడుపులోని ప్రశ్న తీరదు. తీర్చాలని చూడకండి. యోబు స్నేహితులు మొదట ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు ఆయన పక్కన నేలమీద మాట్లాడకుండా కూర్చున్నారు. వాళ్ళు చేసిన మేలు అదొక్కటే. కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే ఆయన్ని మరింత నలిపేశారు.

వేలూరు సీఎంసీ వంటి ఆసుపత్రుల్లో రోగుల దగ్గరికి వెళ్ళే చాప్లెయిన్లు ఉంటారు. ఆ పనిలో మాట్లాడటం కన్నా వినడం నేర్చుకోవడమే కష్టం. మీరూ అదే చేయండి. తిన్నారా, బీపీ మాత్రలు ఉన్నాయా, పిల్లలు ఎక్కడున్నారు అని అడగండి. ఆ రాత్రి ఏం జరిగిందో మొదటినుంచి చెప్పమని గుచ్చి గుచ్చి అడగొద్దు. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మరి రెండు సంస్థలతో కలిసి వెలువరించిన మానసిక ప్రథమ చికిత్స పుస్తకం కూడా, బాధితుల చేత బలవంతంగా కథ చెప్పించవద్దనే అంటుంది. "ప్రాణాలు దక్కినాయి కదా, అదే చాలు" అనే మాట కూడా వద్దు. కూతురి పెళ్ళికని దాచిన చీరలు బురదలో ఉన్నప్పుడు ఆ మాట వినడం ఎంత కష్టమో ఆలోచించండి.

ప్రార్థన చేయమంటారా అని అడగండి. సరేనంటేనే చేయండి, చిన్నగా, ఆమె ఇంటి భాషలో. మన సరిహద్దు ఊళ్ళలో వీధిలో తమిళం మాట్లాడేవాళ్ళు కూడా చాలామంది ఏడ్చేది తెలుగులోనే.

ప్రశ్న: బియ్యం సంచిలో సువార్త కరపత్రం పెడితే తప్పేమిటి?
- ఒక సంఘ కార్యదర్శి, శూలగిరి

జవాబు: పెట్టకండి. ఆకలిగా ఉన్న మనిషి ఆ సంచిని కాదనలేడు, అందుకే అది తప్పు. సహాయాన్ని మతప్రచారానికి వాడకూడదన్న నియమం 1994లో రెడ్‌క్రాస్ ప్రవర్తనా నియమావళిలో చేరింది. దాన్ని రూపొందించిన వాళ్ళలో కారిటాస్, లూథరన్ ప్రపంచ సమాఖ్య, ప్రపంచ చర్చిల మండలి కూడా ఉన్నాయి. అంటే ఇది బయటివాళ్ళు మన మీద రుద్దిన షరతు కాదు. మీరు ఎవరో ఎవరైనా అడిగితే నిజం చెప్పండి, దాచకండి. అడగకపోతే బియ్యం ఇచ్చి రండి.

ప్రశ్న: వరద తరువాత మా అత్తమ్మకు నిద్ర లేదు. మబ్బు పడితే చాలు, పెట్టె సర్దుకుని గడప దగ్గర కూర్చుంటుంది. డాక్టరు దగ్గరికి తీసుకుపోతే విశ్వాసం తక్కువనుకుంటారేమో!
- ఒక కోడలు, క్రిష్ణగిరి దగ్గరి పల్లె

జవాబు: తల్లీ, ఎవరేమనుకున్నా తీసుకుపోండి. కాలు విరిగితే కట్టు కట్టిస్తాం, ప్రార్థన కూడా చేస్తాం. భయానికీ అంతే. ముందు 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన ఉచిత మానసిక ఆరోగ్య సేవ. తెలుగులోనూ మాట్లాడతారు. తగ్గకపోతే బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ మనకు దగ్గరే. 2004 సునామీ తరువాత తీరప్రాంతాల్లో మనసుకు తగిలిన దెబ్బలను చూసుకోవడంలో ఆ సంస్థకు చాలా అనుభవం ఉంది. అంతవరకు ఆమెను "ఊరికే భయపడతావు" అని కసరకండి. ఆ పెట్టెలో ఇంటి పట్టా, ఆధార్, రేషన్ కార్డు ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇవ్వండి. ఆమె చేస్తున్నది పిచ్చిపని కాదని తెలిస్తే కొంచెం కుదుటపడుతుంది.

ప్రశ్న: నేను బోధకుణ్ణి కాను, ప్రార్థన గట్టిగా చేయడమూ రాదు. నావల్ల ఏమవుతుంది?
- ఒక రిటైర్డు ఉపాధ్యాయుడు, డెంకణికోట

జవాబు: మాస్టారూ, మీకు తమిళం చదవడం, రాయడం వచ్చు కదా! మన దిక్కు తెలుగు ముసలివాళ్ళలో తమిళం మాట్లాడేవాళ్ళే గానీ చదవలేనివాళ్ళు ఎందరో. ఇల్లు కూలితే, మేక చస్తే సాయం కోసం పెట్టే అర్జీ తమిళంలో రాయాలి. గ్రామ పరిపాలనాధికారి (వీఏఓ) దగ్గరికి, తాలూకా ఆఫీసుకు తిరగాలి. రాసిపెట్టండి, తోడు వెళ్ళండి. మొదటి వారం అందరూ వస్తారు. మీరు మూడో నెలలో వెళ్ళండి, అప్పుడు ఆ గుమ్మంలోకి వచ్చేవాళ్ళు ఉండరు. ఇదంతా మీరొక్కరే చేయనక్కర్లేదు. క్రిష్ణగిరిలో లూథరన్ మిషన్ 1895లోనే మొదలైంది, ఈ జిల్లాలో చర్చిలు కొత్తవి కావు. ప్రతి చర్చిలో మీలాంటివాళ్ళు ఇద్దరు ముగ్గురు తప్పక ఉంటారు. వచ్చే ఈశాన్య వానలకు ముందే కలుసుకుని, ఎవరు ఏ ఊరికి వెళ్తారో పంచుకోండి.